పీర్లు ఏ నెలలో వస్తాయి సార్?

ఈ పక్షం వచ్చిన ఉత్తరాల్లో సగం మొహర్రం, అంటే పీర్ల పండగ మీదే. ముందే ఒక మాట చెప్పాలి. నేను ఆలిమ్‌ను, అంటే మతం చదువుకున్న పండితుణ్ణి కాను. అనంతపురం జిల్లా పల్లెల్లో 34 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన అయ్యవారిని. మాది దూదేకుల ఇల్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, పిలుచుకునేది నాయన, జేజి అనే. పీర్ల సావిడి, అంటే మొహర్రంలో ఊరేగించే పీర్లను నిలిపే చోటు, మా ఇంటికి నాలుగిళ్ల అవతల. సావిడి అరుగు మీద విన్నదీ, నల్లబల్ల మీద వేసి చూసుకున్నదీ చెబుతాను. ధర్మసందేహాలు తీరాలంటే మీ దగ్గరి మసీదులో ఇమాం సాబును అడగండి.

ప్రశ్న: సార్, మా అంగట్లో వేలాడే క్యాలెండర్‌లో మొహర్రం ఒక తేదీ వేశారు. సెలవు ఇంకో రోజు ఇచ్చారు. మా ఊరి పీర్లు ఆ రెండూ కాకుండా ముందురోజు రాత్రే లేచాయి. పైగా నా చిన్నప్పుడు రగ్గు కప్పుకొని పీర్లు చూసిన గుర్తు. ఇప్పుడేమో ఎండల్లో వస్తోంది. సంక్రాంతి ఎప్పుడూ జనవరిలోనే వస్తుంది కదా, దీనికి లెక్క అంటూ లేదా?
— కిరాణా అంగడి యజమాని, జమ్మలమడుగు

లెక్క లేకేం నాయనా, చాలా గట్టి లెక్కే ఉంది. రగ్గు సంగతి ముందు తేల్చుకుందాం. మీ గుర్తు అబద్ధం కాదు. 2009లో మొహర్రం నెల పదో రోజు, అదే పీర్ల పండగ, జనవరిలో ఒకసారి, మళ్లీ డిసెంబర్ ఆఖర్లో ఒకసారి వచ్చింది. ఒకే ఏడాదిలో రెండు పీర్ల పండగలు. మీరు నా ఈడువారైతే 1977 గుర్తుండాలి. ఆ ఏడూ అంతే, జనవరి మొదట్లో ఒకటి, డిసెంబర్‌లో ఒకటి. 1977 నుంచి 2009కి 32 ఏళ్లు. ఈ 32 ఏళ్లలో పీర్లు చలికాలంలో బయలుదేరి, చెనక్కాయలు పీకే కాలానికి వచ్చి, విత్తనం వేసే కాలానికి జరిగి, మామిడిపండ్ల కాలం కూడా దాటి, మళ్లీ రగ్గుల కాలానికి చేరుకున్నాయి.

కారణం చిన్నదే. చంద్రుడి పన్నెండు నెలలు కలిపితే 354 రోజులు, ఒక్కో ఏడు 355. సూర్యుడి ఏడాదికి 365. ఆ తేడా వల్ల మొహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది. సంక్రాంతి సూర్యుడి పండగ, ఆయన మకరంలోకి వచ్చే రోజు, కాబట్టి జనవరి దాటిపోదు. ఉగాది చంద్రుడి లెక్కలోదే, కానీ మన పంచాంగం వాళ్లు రెండున్నర మూడేళ్లకొకసారి అధికమాసం వేసి చంద్రుణ్ణి సూర్యుడి పక్కకు లాక్కొస్తారు. అందుకే ఉగాదికి వేపపూత దొరుకుతుంది. ముస్లిం లెక్కలో అధికమాసం లేదు. ఇస్లాంకు ముందు అరబ్బులు కూడా నెలలను తమ అవసరానికి అటూ ఇటూ జరుపుకునేవాళ్లు. ఖురాన్ తొమ్మిదో సూరా నెలలు పన్నెండేననీ, వాటిలో నాలుగు పవిత్రమైనవనీ చెప్పి, ఆ జరుపుడును కూడదంది. ఆ నాలుగు నెలల్లో మొహర్రం ఒకటి.

మీ అంగట్లో పంచాంగం కూడా ఉంటుంది కదా, తీసి చూడండి. నాకు ఇది రిటైరయ్యాక దొరికిన ఆట. 2021లో మొహర్రం పదో రోజు ఆగస్టు 20, వరలక్ష్మీ వ్రతం నాడే. 2022లో ఆగస్టు 9, అదీ శ్రావణమే. 2023లో జూలై 29, అధిక శ్రావణం. 2024లో జూలై 17, 2025లో జూలై 6. ఈ రెండుసార్లూ సరిగ్గా తొలి ఏకాదశి రోజే. గమనించారా, ఇంగ్లీషు తేదీ ఏటా జరిగిపోతున్నా తెలుగు నెల మాత్రం రెండు మూడేళ్లు అక్కడే నిలబడుతుంది. అధికమాసం పడినప్పుడు ఒక్కసారిగా నెల వెనక్కి తగ్గుతుంది. ఈ 2026లో అధిక జ్యేష్ఠం పడింది. కాబట్టి పీర్లు ఆషాఢం వదిలి నిజ జ్యేష్ఠంలోకి వస్తున్నాయి. నెలపొడుపు కుదిరితే జూన్ 26, శుక్రవారం. పోయిన రెండేళ్లూ పక్కింటివాళ్లు మాకు పేలపిండి ఇచ్చారు, మేము వాళ్లకు పీర్లకు చదివించే మలీద ఇచ్చాం, ఒకే గిన్నె అటూ ఇటూ తిరిగింది. ఈ ఏడు పేలపిండి వేరే రోజు తినాలి.

మా జేజి తన వయసు పీర్లతోనే చెప్పేది. ‘నాకు డెబ్బై పీర్లు నిండినాయి రా’ అంటే వృద్ధాప్య పింఛను కాగితంలో నేను డెబ్బై అని రాసేశాను. ఇంటికొచ్చి కూర్చుంటే అనుమానం వచ్చింది. డెబ్బైని 354తో హెచ్చవేసి 365తో భాగిస్తే అరవై ఎనిమిది కూడా పూర్తిగా రాలేదు. లెక్కల సారు కాగితంలో తప్పు లెక్క! ఎట్లయినా పింఛనుకు సరిపోయే వయసే కాబట్టి గండం గడిచింది. జేజికి ఈ సంగతి చెబితే కోపమొచ్చింది. ‘అంటే నీ లెక్కలో నేను రెండేళ్లు తక్కువ బతికినానా?’ అనింది. బోర్డు మీద వేసి చూపిద్దామంటే ఆమెకు అంకెలు రావు.

ఇప్పుడు సెలవు మాట. మన తెలుగులో నెల అంటే చంద్రుడూ అవుతాడు, మాసమూ అవుతుంది. సన్నటి వంక పడమట కనిపించడాన్ని నెలపొడుపు అంటాం. ముస్లింల నెల అక్కడే మొదలు. 29వ రోజు సాయంత్రం నెలపొడుపు కనిపిస్తే ఆ పొద్దు నుంచే కొత్త నెల, కనిపించకపోతే 30 నింపుకొని మొదలు. ప్రభుత్వం సెలవుల జాబితా ముందు సంవత్సరమే తయారు చేస్తుంది, క్యాలెండర్ వాళ్లు దాన్ని చూసి అచ్చేస్తారు. వంకను ముందే అచ్చేయలేరు కదా. అందుకే ఒకరోజు తేడా వస్తే చివర్లో జీవో మారుతుంది. మీది కడప జిల్లా, మీ వీధిలో కువైట్‌లో ఉన్నవాళ్లు ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. వాళ్లు ఫోన్ చేసి ‘మాకు ఈరోజే’ అంటే గాభరా పడకండి. అక్కడి ఆకాశం వాళ్లది, మన నెలపొడుపు మనది. మామూలుగా మనకు ఒకరోజు వెనక.

అయినా మొహర్రంలో ఈ టెన్షన్ తక్కువే. రంజాన్ పండగైతే ముందురోజు రాత్రి దాకా తేలదు, సేమియా కొనాలో వద్దో తెలియక అంగడి ముందు జనం నిలబడతారు, మీకు తెలియనిది కాదు. మొహర్రంలో ఒకటో తేదీ తేలిపోతే పదో తేదీకి ఇంకా తొమ్మిది రోజులు చేతిలో ఉంటాయి.

మీ ఊరి పీర్లు ముందురోజు రాత్రే ఎందుకు లేచాయంటే, అవి సరైన రోజే లేచాయి. ముస్లిం లెక్కలో రోజు మగ్రిబ్‌తో, అంటే పొద్దు గూకగానే మొదలవుతుంది. రాత్రి ముందు, పగలు తర్వాత. పదో తేదీ రాత్రి అంటే మన గోడ గడియారం ప్రకారం తొమ్మిదో తేదీ రాత్రి. పెద్ద సరిగెత్తు, అంటే పీర్ల పెద్ద ఊరేగింపు, ఆ రాత్రే. తెల్లవారుజామున గుండంలో నిప్పులు తొక్కడం, సాయంత్రానికి జలధి. పీర్లను నీటికి తీసుకెళ్లి కడిగి, బట్ట చుట్టి పెట్టెలో పెట్టేస్తారు. ఈ ఏడు మీ ఊర్లో జనం సావిడి దగ్గర చేరేది జూన్ 25 గురువారం రాత్రి, నెలపొడుపు మాట తప్పకపోతే.

ప్రశ్న: సార్, నా ఫ్రెండ్‌కు వాట్సాప్‌లో ‘హ్యాపీ మొహర్రం’ అని పెట్టాను. రెండు నీలం టిక్కులు వచ్చాయి, రిప్లై మాత్రం రాలేదు. ఏమైనా తప్పు చేశానా? ఇది పండగా, సంతాపమా? వాళ్లింట్లో ఆరోజు రోజా ఉంటారంట, మా ఊర్లో మాత్రం డప్పులు కొడతారు.
— డిగ్రీ విద్యార్థిని, అనంతపురం

తెలియక చేసినదానికి బాధపడొద్దమ్మా. నేను అంతకంటే పెద్ద తప్పు చేశాను. ఒక ఏడు క్లాసు బోర్డు మీద రంగు సుద్దలతో ‘మొహర్రం శుభాకాంక్షలు’ అని రాసి, కింద నెలవంక బొమ్మ కూడా వేశాను. గంట కొట్టాక ఒక పిల్లవాడు బల్ల దగ్గరికొచ్చి నెమ్మదిగా, ‘సార్, ఆరోజు మా ఇంట్లో పొయ్యి వెలిగించరు’ అన్నాడు. వాళ్లు షియాలు, ఆ రోజును సంతాపంగా పాటించే ముస్లింలు. నేను ముస్లిం ఇంట్లో పుట్టి కూడా ఆ ముక్క ఆలోచించలేదు. వాడి ముందే డస్టర్ తీసుకున్నాను.

ఆ రోజు పేరు ఆషూరా. అరబ్బీలో పది అనే మాటలోంచి వచ్చింది. దాని మీద ఒకదానిపై ఒకటి పేరుకున్న సంగతులు ఉన్నాయి, నీ ఫ్రెండ్ ఇంట్లో కనిపించేది ఒకటి, మీ ఊర్లో కనిపించేది ఒకటి.

పాతది రోజా. ప్రవక్త మదీనా వచ్చినప్పుడు అక్కడి యూదులు ఆ రోజు ఉపవాసం ఉండటం చూశారు. ఎందుకని అడిగితే, మూసా ప్రవక్తనూ ఆయన జనాన్నీ దేవుడు ఈజిప్టు రాజు ఫిరౌను చేతిలోంచి కాపాడిన రోజు అన్నారు. మూసా మాకూ దగ్గరివాడే అని ప్రవక్త తానూ రోజా ఉన్నారు, తనవాళ్లనూ ఉండమన్నారు. హిజ్రీ, అంటే ముస్లిం శకం, రెండో ఏట రంజాన్ రోజాలు తప్పనిసరి అయ్యాక ఇది ఇష్టమున్నవాళ్లు ఉండేదిగా మారింది. వచ్చే ఏడు బతికి ఉంటే తొమ్మిదో రోజు కూడా ఉంటానని ఆయన అన్నారు. అందుకే చాలామంది తొమ్మిది, పది కలిపి ఉంటారు, కుదరనివాళ్లు పది, పదకొండు. ఈ జూన్‌లో మన దగ్గర తెల్లవారుజామున సుమారు నాలుగున్నరకు ముందే సహరీ, అంటే రోజాకు ముందు తినే తిండి, ముగించాలి, ఇఫ్తార్ పొద్దు గూకాక, దాదాపు ఏడింటికి. పద్నాలుగు గంటలు దాటుతుంది. డిసెంబర్‌లో వచ్చినప్పుడు పన్నెండున్నర గంటలతో పోతుంది. నెల కాలాలన్నీ తిరగడం వల్ల సుఖమూ కష్టమూ వంతులేసుకున్నట్టు వస్తాయి.

దాని మీద పడినది కర్బలా. హిజ్రీ 61, అంటే 680 అక్టోబర్ 10. ప్రవక్త కూతురు ఫాతిమా కొడుకు ఇమాం హుసేన్, అప్పటి పాలకుడు యజీదు అధికారానికి ఒప్పుకోనన్నారు. ఇరాక్‌లోని కర్బలా దగ్గర ఆయన్నూ, వెంట ఉన్న డెబ్బై చిల్లర మందినీ చుట్టుముట్టారు. ఏడో రోజు నుంచి యూఫ్రటీస్ నీళ్లు అందకుండా కాపలా పెట్టారు. నది కంటికి కనిపిస్తూనే ఉంది, గుడారాల్లో పిల్లలు దాహంతో ఏడుస్తున్నారు. నీళ్లు తేవడానికి తోలుతిత్తి తీసుకుని వెళ్లిన తమ్ముడు అబ్బాస్ చేతులు నరికేశారు. పాలు తాగే బిడ్డ అలీ అస్గర్‌కు బాణం తగిలింది. పదో రోజు మధ్యాహ్నం దాటేసరికి హుసేన్ కూడా లేరు. చెల్లెలు జైనబ్ మిగిలినవాళ్లతో బందీగా నడిచింది.

ఈ కథ నాకు పుస్తకంలో తెలియలేదు. ఏడో రోజు సాయంత్రం మా జేజి ఇంటి ముందు అరుగు మీద కొత్త కుండ పెట్టి, దాని మీద ఇత్తడి చెంబు బోర్లించేది. దారిన పోయే ఎవరైనా తాగొచ్చు. ఆ మూడు రోజులూ కుండ ఖాళీ కాకూడదు. కాపలా నాది. ఒకసారి గోలీలాటలో పడి మర్చిపోయాను, కుండ అడుగంటింది. ఎప్పుడూ చెయ్యెత్తని మనిషి ఆ రోజు నా వీపు మీద ఒకటి వేసింది. తర్వాత తనే ఏడ్చింది. ఆ పదిరోజులూ ఆమె మంచం ఎక్కేది కాదు, చాప మీదే పడక. తల్లో పువ్వు లేదు, ఇంట్లో నీసు లేదు.

మరి డప్పు ఎందుకంటావా? కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ రాజ్యంలో అలములు, అంటే కర్బలా జెండాల గుర్తులు నిలిపే పద్ధతి బాగా నాటుకుంది. హైదరాబాద్‌లో బాద్షాహీ ఆశూర్‌ఖానాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590లలో కట్టించాడు. అట్లాంటి అలములే పల్లెల్లోకి వచ్చేసరికి పీర్లయ్యాయి. పల్లె తన దేవుళ్లను ఎట్లా ఊరేగించుకుంటుందో వాటినీ అట్లే ఊరేగించింది, డప్పుతో, దివిటీతో, ఊదు పొగతో. మా ఊర్లో సావు ముందు కూడా డప్పు కొడతారు. డప్పు ఉన్నంత మాత్రాన సంబరమని అనుకోకు.

మా ఇంట్లోనే దీని మీద రెండు మాటలున్నాయి. నా తమ్ముడు మసీదుకు కట్టుబడినవాడు. రోజా వరకే సున్నత్, అంటే ప్రవక్త చూపిన పద్ధతి; పీర్లు, గుండం మన దీన్‌లో, అంటే మతంలో లేవు అంటాడు. తప్పని నేననను, ఖురాన్‌లో వెతికితే పీర్లు కనిపించవు. కానీ ఏడో రోజు మా అరుగు మీద కుండ పెట్టేది ఇప్పుడు వాడే.

నీ ఫ్రెండ్‌కు ఇప్పుడు ఫోన్ చెయ్యి. మెసేజ్ వద్దు. మొహర్రం ఒకటో రోజు హిజ్రీ సంవత్సరాది, ఆ రోజు శుభాకాంక్షలు చెప్పుకునేవాళ్లు కొందరున్నారు. పదో రోజు మాత్రం ‘రోజా ఉన్నావా, ఎట్లున్నావ్’ అని అడిగితే చాలు.

ప్రశ్న: అయ్యా, నేను చిన్నప్పుడు జబ్బుపడితే మా అమ్మ పీర్లకు మలీద, గుండం మొక్కుకుందంట. మేము హిందువులం. ఇప్పుడు అమ్మకు 72 ఏళ్లు, నాకు షుగర్. మొక్కు ఎట్లా తీర్చాలి, ఏ రోజు?
— లారీ డ్రైవర్, ఆదోని

మొక్కులో కులం మతం అడిగే సావిడి మన జిల్లాల్లో నేను చూడలేదు. ఏడో రోజు గానీ, పదో రాత్రి గానీ మలీద తీసుకెళ్లండి. సావిడి చూసుకునే ముజావర్‌కు ముందే ఒక మాట చెబితే చదివింపు, అంటే నైవేద్యం మీద ప్రార్థన చదవడం, ఎప్పుడో ఆయనే చెబుతాడు. గోధుమరొట్టెలు కాల్చి, వేడి ఉండగానే చేత్తో నలిపి, బెల్లం తురుము, నెయ్యి, ఎండుకొబ్బరి, యాలకులు కలిపితే మలీద. ఆరిపోయాక నలిపితే పొడిపొడిగా రాలుతుంది, ఉండ నిలవదు. చేయడం కుదరకపోతే చక్కెర, బొరుగులు, పుట్నాలు కూడా చదివిస్తారు.

గుండం మాత్రం మీరు తొక్కొద్దు. ఇది మీ డాక్టరు చెప్పాల్సిన మాట, నేను అడక్కుండానే చెబుతున్నాను. షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి అరికాళ్లలో స్పర్శ తగ్గి ఉండొచ్చు, నిప్పు పడినా వెంటనే తెలియకపోవచ్చు, పుండు తొందరగా మానదు. అమ్మ చేత గుండంలో గుప్పెడు ఉప్పు వేయించండి. ఆరాక బూడిద బొట్టు పెట్టుకుని రండి. మా ఊర్లో ముసలివాళ్లు ఇట్లనే చేస్తారు, ఎవరూ ఏమీ అనరు.

ప్రశ్న: సార్, నా పేరులో ‘కుళ్ళాయి’ ఉంది. బెంగళూరులో రూమ్మేట్స్ నన్ను నువ్వు హిందువా ముస్లిమా అని ఏడిపిస్తున్నారు. ఏం చెప్పాలి?
— ప్రైవేటు ఉద్యోగి, సొంత ఊరు నార్పల దగ్గర

నార్పల దగ్గరివాడివై ఉండి నన్ను అడుగుతున్నావా! గూగూడు మీ మండలమే కదా. కుళ్ళాయి అంటే పాత తెలుగులో టోపీ. కుళ్ళాయప్ప అక్కడి పీరు, పక్కనే ఆంజనేయస్వామి గుడి. మొహర్రానికి మన జిల్లా నుంచే కాదు, కర్ణాటక నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు, ఇప్పుడు బస్సుల్లో, కార్లలో వస్తారు. ఎర్రదారం కట్టించుకుని ఫకీరు మొక్కు పట్టేవాళ్లలో రెడ్లు ఉంటారు, బోయలు ఉంటారు, మాలమాదిగలు ఉంటారు, మేమూ ఉంటాం. బిడ్డ పుడితే ఆ పేరు పెట్టుకుంటారు. నేను చెప్పిన ఒక్క తొమ్మిదో తరగతిలోనే ముగ్గురు కుళ్ళాయప్పలు ఉండేవాళ్లు. హాజరు పిలిచేటప్పుడు ఒకటి, రెండు, మూడు అని నంబరు వేసి పిలిచేవాణ్ణి. మూడో వాడి ఇంటిపేరు అడిగితే తప్ప ఎవరిది ఏ ఇల్లో నాకూ తెలిసేది కాదు.

రూమ్మేట్స్‌ను జూన్ 25 రాత్రికి గూగూడు తీసుకురా. గురువారం, శుక్రవారం లీవు పెట్టుకుంటే చాలు, శనాదివారాలు కలిసొస్తాయి. నెలపొడుపు కనిపించిందో లేదో ముందు మీ ఇంటికి ఫోన్ చేసి కనుక్కున్నాకే టికెట్లు తీసుకో.